నడుముకి రివాల్వరా, పిస్టలా? కోనసీమ వ్యాపారి అడిగిన ప్రశ్నకి నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అంబాజీపేట దగ్గర కొబ్బరి వ్యాపారం, దాంతోపాటు రొయ్యల మేత ఏజెన్సీ. వారంలో రెండు మూడు రోజులు వసూళ్ళ డబ్బుతో రాత్రి తొమ్మిదింటికో పదింటికో బండి మీద కాలవగట్టు దారిన ఇంటికి వస్తారు. చిన్న ఆయుధానికి లైసెన్సు వచ్చింది. చొక్కా కింద ఎవరికీ కనపడకుండా పెట్టుకోవాలి. రివాల్వర్ కొనాలా, పిస్టల్ కొనాలా? తెలిసినాయన పాత విదేశీ పిస్టల్ ఇస్తానంటున్నారు, తీసుకోవచ్చా? ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు.

కొత్త .32 రివాల్వర్ తీసుకోండి (.32 అంటే గొట్టం లోపలి వెడల్పు, ఉజ్జాయింపుగా అంగుళాల్లో), మన దేశంలో తయారైనదే. పాత విదేశీ పిస్టల్ వద్దు. అనుకున్న సొమ్ములోంచి మంచి తోలు బెల్టుకి, హోల్‌స్టర్‌కి (తుపాకీ ఒరకి), గోడకి బిగించే ఇనప లాకర్‌కి ముందు తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంట్లో వచ్చే రివాల్వర్ ఏదైనా మీ పనికి సరిపోతుంది.

నేను సైన్యంలో ఇ.ఎమ్.ఇ. అనే మరమ్మతు విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, 22 ఏళ్ళు చేశాను. మాది తాడేపల్లిగూడెం వైపు, మిలిటరీ మాధవరానికి దగ్గర ఊరు. రిటైరయ్యాక పదేళ్ళు ఒక లైసెన్సు ఉన్న ఆయుధాల షాపులో మరమ్మతు బల్ల మీద కూర్చున్నాను. డెల్టాలో మిల్లర్లు, చెరువుల వాళ్ళు, బంగారం కొట్ల వాళ్ళు తెచ్చిన రివాల్వర్లు వందల్లో విప్పి బిగించాను. కింద రాసేదంతా ఆ బల్ల మీద చూసిందే.

ముందు మనకి దొరికేవి ఏమిటో చూద్దాం. రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్ గదుల్లో ఉంటాయి. పిస్టల్‌లో పిడిలోకి దూర్చే మ్యాగజైన్‌లో ఉంటాయి, పైనున్న స్లైడ్ లాగితే ఒక తూటా గొట్టం వెనక చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఇంటర్నెట్‌లో కనపడే విదేశీ పిస్టళ్ళు ఎక్కువగా 9 ఎమ్.ఎమ్. అది మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన సైజు. జిల్లాలో ఇచ్చే మామూలు లైసెన్సు మీద కొనడానికి లేదు. .38, .455 కూడా అంతే. అందుకే ఇక్కడ నడుముకి పెట్టుకునే ఆయుధం అంటే దాదాపుగా .32 అనే అర్థం. అందులోనూ రెండు రకాల తూటాలున్నాయి, ఇక్కడ చాలామంది పొరపడతారు. రివాల్వర్‌లో వాడేది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, అంచు ఉన్న పొడవైన తూటా. పిస్టల్‌లో వాడేది .32 ఏ.సి.పి., పొట్టిది. రెంటినీ ".32" అనే పిలుస్తారు గానీ ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. పొట్టిది కొన్ని రివాల్వర్ల గదుల్లోకి దూరుతుంది కూడా, దూరింది కదా అని కాల్చకండి.

రివాల్వర్లలో కాన్పూర్‌లో తయారయ్యే ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ .32 మనవాళ్ళ దగ్గర ఎక్కువగా ఉన్నది. పైన గొళ్ళెం నొక్కితే మధ్యకి విరిగి తెరుచుకుంటుంది. 2014లో వచ్చిన నిర్భీక్ తేలిక, సుమారు 500 గ్రాములు. 2021 అక్టోబర్‌లో ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీల బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక, చిన్న ఆయుధాలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే కంపెనీ కిందికి వచ్చాయి. వాళ్ళు 2023 ఆగస్టులో ప్రబల్ తెచ్చారు. అందులో సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. హర్దోయ్‌లో తయారవుతున్న వెబ్లీ అండ్ స్కాట్ .32 కూడా ఉంది. పిస్టల్ అంటే మన ఫ్యాక్టరీలది అశని.

ఇక రివాల్వరే ఎందుకన్నానో చెబుతాను. పిస్టల్ చెడ్డదని కాదు. సన్నగా ఉంటుంది, చొక్కా కింద బాగా ఇముడుతుంది, ఒకటి రెండు తూటాలు ఎక్కువ పడతాయి. సైన్యంలో నేను ఇష్టపడి వాడిందీ పిస్టలే. కానీ సైన్యంలో మాకు బట్ (కాల్పుల సాధన మైదానం) ఉంది, నేర్పే ఉస్తాద్ ఉన్నాడు, కాల్చడానికి రౌండ్లు ఉన్నాయి. మీకు ఆ మూడూ అంత సులువుగా దొరకవు. లైసెన్సులో ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవాలో, ఏడాదికి ఎన్ని కొనాలో రాసే ఇస్తారు. అందులోనే సాధన, అందులోనే దాచుకోవడం. ఏడాదికి ఏ నలభయ్యో యాభయ్యో కాల్చే మనిషి చెయ్యి పిస్టల్‌కి అలవాటు పడదు.

పిస్టల్‌లో తూటా పేలకపోతే మ్యాగజైన్ తట్టి, స్లైడ్ లాగి, మళ్ళీ గురిచూడాలి. ఇది చేతికి దానంతట అదే రావాలి, భయంలో ఆలోచించి చేసే పని కాదు. రివాల్వర్‌లో మళ్ళీ మీట (ట్రిగ్గర్) లాగితే సిలిండర్ తిరిగి తరవాతి తూటా ఎదురుకొస్తుంది. ఇంకొకటి, .32 ఏ.సి.పి. తూటాకి కొద్దిపాటి అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింద తూటా అంచుకి ముందు ఉండేలా నింపకపోతే రెండూ చిక్కుకుని బిగుసుకుపోతాయి. నా బల్ల దగ్గరికి "పని చెయ్యట్లేదండి" అని వచ్చిన పిస్టళ్ళలో చాలావాటికి జబ్బు తుపాకీలో లేదు, మ్యాగజైన్ నింపడంలోనే ఉంది.

మీ బండి సంగతి కూడా ఉంది. ఇంట్లో పిల్లలున్న మనిషి పిస్టల్‌ని చాంబర్‌లో తూటాతో మొయ్యడం నాకు ఇష్టం ఉండదు. చాంబర్ ఖాళీగా మోస్తే, అవసరం వచ్చినప్పుడు స్లైడ్ లాగడానికి రెండు చేతులూ కావాలి. కాలవగట్టు మీద బండి ఆపిన మనిషికి ఒక చెయ్యి హ్యాండిల్ మీదే ఉంటుంది.

పాత విదేశీ పిస్టల్ విషయం. 1980ల మధ్య నుంచి విదేశీ ఆయుధాల దిగుమతి మామూలు జనానికి ఆగిపోయింది. అప్పటికి దేశంలో ఉన్నవే చేతులు మారుతూ వస్తున్నాయి, అందుకే వాటికి లక్షల ధర పలుకుతుంది. మీరు కట్టేది ఆ అరుదుతనానికే. భీమవరం వైపు ఒక చెరువుల ఆసామి అలాంటి జర్మన్ పిస్టల్ ముచ్చటపడి కొన్నారు. నునుపు, తూకం చూస్తే నాకూ కళ్ళు చెదిరాయి. మూడో నెలలో ఫైరింగ్ పిన్, అంటే తూటా అడుగున కొట్టి పేల్చే సూది, విరిగింది. అసలు పిన్ ఎక్కడా దొరకలేదు. లేత్ మీద తీయించిన పిన్‌తో కాలిస్తే ఐదింటిలో రెండు పేలాయి. ప్రాణం దాని మీద పెట్టుకోవద్దని నేనే చెప్పాను. ఇప్పుడది ఆయన బీరువాలో ఉంది. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరవాత ఒక మనిషికి రెండు ఆయుధాలకి మించి ఉండకూడదు కాబట్టి, పనికిరానిది ఒకటి ఉంచుకుంటే ఆ లెక్కలో సగం దానికే పోతుంది. ఎవరిదైనా పాతది కొనాలన్నా చేతి మాట మీద కొనేది కాదు, లైసెన్సింగ్ అధికారి ద్వారా కాగితాల మీద మారాలి.

రివాల్వర్లలో ఏది అంటారా. నా ఓటు పక్కకి తెరుచుకునే సిలిండర్ ఉన్నదానికి. మధ్యకి విరిగే రకంలో గొళ్ళెం, మడత బందు ఏళ్ళు గడిచేకొద్దీ అరిగి లొడలొడలాడతాయి. కానీ షాపులో రెండూ చేతిలోకి తీసుకుని చూడకుండా నిర్ణయించుకోవద్దు. ముందుగా తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తరవాతే మిగతా పరీక్ష. షాపు యజమాని అనుమతితో డమ్మీ రౌండ్లు (మందు లేని ఉత్త తూటాలు) వేసి, గుర్రం (వెనకనుండే హ్యామర్) చేత్తో ఎత్తకుండా మీటని చివరిదాకా పదిసార్లు లాగండి. మన రివాల్వర్ల మీట బరువు ఎక్కువ. మీ చూపుడువేలు వణికితే, గొట్టం కిందికి వాలితే, ఆ పీస్ మీది కాదు. అదే మోడల్‌లో ఇంకో పీస్ చూపించమనండి, ఒకే మోడల్‌లోనూ పీసుకీ పీసుకీ తేడా ఉంటుంది. గుర్రం ఎత్తిపెట్టి సిలిండర్‌ని పక్కలకి ఊపి చూడండి. వెంట్రుకవాసి కదలిక పరవాలేదు, టకటక శబ్దం వస్తే వద్దు. తేలికగా ఉందని నిర్భీక్ వైపు మొగ్గుతారేమో. రోజంతా మొయ్యడానికి అది సుఖమే. కానీ తేలిక తుపాకీకి బరువు మీట ఉంటే గురి ఎక్కువ కదులుతుంది. సన్నటి మనిషైతే అది, ఓ మాదిరి ఒళ్ళున్న మనిషైతే 650, 700 గ్రాముల్లోది తీసుకోండి.

గుర్రం మీద దెబ్బ తగిలినా పేలకుండా లోపల అడ్డు పలక ఉందా అని అడగండి. ఉందని షాపతను విప్పి చూపించలేకపోతే, గుర్రం కింద గది ఖాళీగా ఉంచి ఐదే నింపండి. మీట లాగితే సిలిండర్ ముందు తిరుగుతుంది కాబట్టి మొదటి లాగుకే నిండు గది వస్తుంది. ఆరోది లేదని బెంగ వద్దు.

కనపడకుండా పెట్టుకోవడం మన దగ్గర మీ ఇష్టం మీద ఆధారపడింది కాదు. 2016 ఆయుధ నియమావళి ప్రకారం బహిరంగ స్థలంలో చిన్న ఆయుధాన్ని హోల్‌స్టర్‌లో గానీ అలాంటి సంచిలో గానీ పూర్తిగా కప్పే ఉంచాలి, అది మీ అదుపులో ఉండాలి. తీసి చూపించడం, ఊపడం నేరం. సంక్రాంతి బరుల దగ్గర, పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు గానీ లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. ఆ మూడు రోజులూ లాకర్‌లోంచి తియ్యకండి. మందు పుచ్చుకునే రోజూ అంతే.

కుడిచేతి వాటమైతే కుడి తుంటి ఎముకకి కాస్త వెనకగా పెట్టుకోండి. బండి మీద వంగినా పొట్టకి గుచ్చుకోదు. మీటని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, వంగని అంగుళంన్నర తోలు బెల్టు, ఇన్ చెయ్యని వదులు చొక్కా. పల్చటి తెల్ల చొక్కా చెమటకి అతుక్కుంటే లోపలిదంతా కనిపిస్తుంది, గళ్ళదో ముదురు రంగుదో వేసుకోండి. పంచె కట్టిన రోజు మోయవద్దు. ముడి మీద అరకిలో పైన బరువు నిలవదు, జారితే తీసే హడావిడిలో వేలు మీట మీదకి వెళ్తుంది. డబ్బు సంచిలో తుపాకీ ఎప్పుడూ పెట్టకండి. సంచి లాక్కుంటే డబ్బుతోపాటు అదీ పోతుంది. బండి డిక్కీలోనూ వద్దు. టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు, నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కేటప్పుడు బండి ఒకచోట, మీరొకచోట ఉంటారు.

ఇప్పుడు అసలు శత్రువు సంగతి. మన డెల్టాలో తుపాకీని చంపేది దొంగ కాదు, తేమ. అంతర్వేది నుంచి వచ్చే ఉప్పుగాలి, ఆర్నెల్ల ఉక్క, ఒంటి చెమట. నల్లపూత ఉన్న ఉక్కు మీద చెమట ఒక్క రాత్రి నిలిస్తే పొద్దుటికి ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఇంటికి రాగానే తూటాలు తీసి, పొడిగుడ్డతో తుడిచి, తుపాకీ నూనె పలచగా రాసి పెట్టాలి. రెండు నిమిషాల పని. తోలు హోల్‌స్టర్‌లో ఉంచి బీరువాలో పెట్టకండి. తోలు చెమటనీ ఉప్పునీ పీల్చుకుని మెల్లగా ఉక్కుకీ ఇత్తడికీ పట్టిస్తుంది. ఒక మిల్లరుగారు ఆషాఢంలో అలా పెట్టి దసరాకి ఆయుధపూజకని తీశారు. సిలిండర్ తిరగలేదు, తూటాలు గదుల్లో పచ్చగా చిలుము పట్టి అతుక్కుపోయాయి.

మీరు కోనసీమ వాళ్ళు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నా. కొబ్బరినూనె రాయకండి. ఇంట్లో డబ్బాలకొద్దీ ఉంటుంది, తలుపు బందులకి రాస్తాం, తుపాకీకి రాస్తే ఏమవుతుందనిపిస్తుంది. కొన్నాళ్ళకి అది మురిగి జిగురు కడుతుంది, ధనుర్మాసం చలికి గడ్డకడుతుంది. మీట దగ్గర సన్న స్ప్రింగుల్లో ఆ జిగురు గీకలేక అవస్థపడిన రోజులున్నాయి. మంచి నూనైనా ముంచెత్తకూడదు. కారిన నూనె తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి దిగితే ఆ తూటా పేలకపోవచ్చు. రోజూ మోసే తూటాలని మరుసటి ఏడాది సాధనలో కాల్చేసి, కొత్తవి పెట్టుకోండి.

మేత ఏజెన్సీ ఉందన్నారు. గోడౌన్‌లో బ్లీచింగ్ పౌడర్ బస్తాలు కూడా ఉంటాయి కదా, చెరువులకి వేసేది. ఆ గదిలో తుపాకీ ఒక్క వారం ఉంచినా చాలు, ఆ పొగకి పాడవుతుంది. పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక కొత్త రివాల్వర్, కొని ఐదు నెలలు కూడా కాలేదు, గొట్టం లోపల చీమలు తిన్నట్టు గుంటలు పడ్డాయి. ఎక్కడ పెడుతున్నారంటే, గోడౌన్ గల్లాపెట్టెలో అన్నారు. ఇంట్లో, పొడిగదిలో, సిలికా జెల్ పొట్లాలు వేసిన లాకర్‌లో పెట్టండి. పొట్లాలు వానాకాలంలో నెలకోసారి మార్చండి.

ఎన్నికల కోడ్ వస్తే చాలాసార్లు ఆయుధం స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న షాపులోనో డిపాజిట్ చెయ్యమంటారు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చి జూన్ దాకా ఉంది, అంటే మన ఎండ ఉక్క అంతా. నా సొంత రివాల్వర్ తిరిగొచ్చేటప్పటికి సిలిండర్ అంచు తుప్పు పట్టింది. అప్పటినుంచి ఇచ్చే ముందు లోపలా బయటా చిక్కటి గ్రీజు పట్టించి, మైనపు కాగితంలో చుట్టి, నంబరు రాసిన రసీదు తీసుకుని ఇస్తున్నాను. గ్రీజు పూర్తిగా తుడిచి, గొట్టంలోంచి వెలుతురు చూసుకోకుండా మళ్ళీ తూటా వెయ్యకూడదు.

పిల్లల గురించి. షాపులో ఒక పెద్దమనిషి రివాల్వర్ బల్ల మీద పెట్టి "ఖాళీయేనండి, నిన్న నేనే తీశాను" అన్నారు. తెరిస్తే రెండు తూటాలు బల్ల మీద దొర్లాయి. ఆయన పక్కన ఏడేళ్ళ మనవడు నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం పాలిపోవడం ఇప్పటికీ నా కళ్ళముందుంది. తుపాకీ ఒక లాకర్‌లో, తూటాలు ఇంకో తాళంలో, రెండు తాళంచెవులూ మీ మొలతాడుకే. దిండు కింద, బట్టల మధ్య, దేవుడి గూటిలో వద్దు. పిల్లలకి తెలియని చోటు ఇంట్లో ఉండదు. మీ లైసెన్సు మీ ఒక్కరికే, భార్య గానీ డ్రైవర్ గానీ మోసినా నేరమే.

సాధన సంగతి. నియమాల్లో చెప్పిన ఆయుధ భద్రత శిక్షణని కాగితం కోసం కాక నిజంగా నేర్చుకోండి. తూటాలు వేరే గదిలో పెట్టి, డమ్మీలతో రోజూ పదిసార్లు మీట లాగండి. బరువు మీటకి ఇదొక్కటే మందు. నిజంగా కాల్చడం రేంజ్‌లోనే, చెరువుగట్టు మీద కాదు. మన చుట్టూ నీళ్ళే, నీళ్ళ మీద వాలుగా తగిలిన గుండు మునగదు, పెంకు విసిరినట్టు ఎగిరి అవతలి గట్టు మీద పనిచేసే మనిషికి తగలొచ్చు. తూటా పేలకపోతే గొట్టం గురి వెనకున్న మట్టిదిమ్మ వైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. "టప్" అని నీరసంగా శబ్దం వస్తే వెంటనే ఆపి గొట్టం చూడండి. గుండు మధ్యలో ఇరుక్కుని ఉంటే తరవాతిది గొట్టాన్ని చీలుస్తుంది.

దూరం గురించి ఆశ పెట్టుకోకండి. ప్రబల్‌కి యాభై మీటర్లు అని ప్రచారం చేశారు. మూడంగుళాల గొట్టంతో, చీకట్లో, గుండె దడలో, మీకు నాకు ఐదారు మీటర్లు దాటితే అనుమానమే.

ఎప్పుడు తియ్యాలో కూడా ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. ఒక వకీలు దగ్గర కూర్చుని చదివించుకోండి. ఆపద ఎదురుగా ఉన్నంతసేపే ఆ హక్కు. అవసరానికి మించి హాని చెయ్యడానికి లేదు. సంచి లాక్కుని పారిపోతున్న వాడి వీపు మీద కాలిస్తే బోనులో నిలబడేది మీరు.

నా దగ్గర రివాల్వర్ సర్వీస్ చేయించుకునే ఒక ధాన్యం కమీషన్ వ్యాపారిని రావులపాలెం దగ్గర రాత్రిపూట ఇద్దరు ఆపారు. ఒకడి చేతిలో కత్తి. రివాల్వర్ నడుముకే ఉంది. సంచి నేల మీద పడేసి నాలుగడుగులు వెనక్కి వేశారు. వాళ్ళు సంచి తీసుకుని పోయారు. మర్నాడు నా దగ్గరికొచ్చి, "తియ్యలేకపోయానండి, ఇంత ఖర్చు పెట్టి కొని పిరికివాణ్ణయ్యాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీరు చేసిందే సరైందని, వాళ్ళు సంచి వదిలి మీ మీదకి వస్తే అప్పుడు తియ్యడానికే అది అక్కడ ఉందని చెప్పాను. ఆ ఇద్దరూ తరవాత దొరికారు, డబ్బులో కొంత వచ్చింది. వీలైనంత వసూలు బ్యాంకు ద్వారానో ఫోన్ ద్వారానో వేయించుకుని, మిగిలిన నగదుకి రోజూ ఒకే దారి, ఒకే వేళ లేకుండా చూసుకోమని ఆయనకి చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

కొనే రోజు లైసెన్సులో రాసిన గడువు, ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకుని వెళ్ళండి. బిల్లు మీద సీరియల్ నంబరూ తుపాకీ మీద నంబరూ మీరే ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. తెచ్చాక దాన్ని చూపించి లైసెన్సులో ఎక్కించుకునేదాకా నడుముకి పెట్టుకోవద్దు. షాపుకి వెళ్ళేటప్పుడు మీరు రోజూ వేసుకునే ప్యాంటు, బెల్టు, చొక్కా వేసుకుని వెళ్ళండి. ఖాళీ రివాల్వర్ హోల్‌స్టర్‌లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని లేవండి, బండి మీద కూర్చున్నట్టు ముందుకి వంగి చూడండి. గుచ్చుకుంటే అక్కడే చెప్పండి, ఇంకో సైజు హోల్‌స్టర్ ఇస్తారు.